రజబ్ పున్నమి గడువు

మా వదిన వదాద్‌కు దేనికైనా గడువు పెట్టందే నిద్ర పట్టదు. కొట్టువాడు సరుకు తర్వాత పంపిస్తానంటే ఊరుకోదు. తర్వాతంటే ఎప్పుడు, మధ్యాహ్నం నమాజుకు ముందా వెనకా అని నిలదీస్తుంది. పెళ్ళికి వస్తామన్నవాళ్ళను ఏ పూటకు వస్తారో చెప్పించుకునే వదులుతుంది. ఇలాంటి మనిషితో మా అన్న జవాద్ అన్నేళ్ళు ఎలా కాపురం చేశాడో దేవుడికే తెలియాలి.

ఆ అలవాటు ఊరికే రాలేదులెండి. ఆమె పెళ్ళికాని పిల్లగా ఉన్నప్పుడు మొదటిసారి సరిహద్దు దాటి సైన్యం వచ్చింది. వాళ్ళ నాన్న, "రెండు మూడు రోజుల్లో వచ్చేద్దాం పదండి" అన్నాడట. రొట్టెల కోసం కలిపిన పిండిని అలాగే గుడ్డ కప్పి వదిలేసి బయలుదేరారు. ఆ రెండు మూడు రోజులు ఏళ్ళయ్యాయి. తిరిగి వచ్చేసరికి ఇంటికి తలుపూ లేదు, పిండి కలిపిన పళ్ళెమూ లేదు. అప్పటినుంచి గడువు లేని మాట మాట కిందికే రాదని ఆమె ఖాయం చేసుకుంది.

మాది ఐన్ తుర్ముస్. కొండ మీద ఊరు, ఇజ్రాయెల్ కంచె దీపాలు మేడ మీది నుంచి కనపడతాయి. మా వైపు పొగాకు తప్ప ఇంకేమీ సరిగా పండదు. ఎండ రాకముందే ఆకు కోసి తేవాలి, వాడిపోకముందే పొడుగాటి సూదితో దారానికి గుచ్చి నీడన వేలాడదీయాలి. ఇరవై ఏళ్ళ పైన మా అమ్మ హజ్జా ఫిద్దా, మా వదిన ఎదురెదురుగా చాప మీద కూర్చుని ఆకు గుచ్చారు. చేతులు ఎంత వేగంగా ఆడేవో నోళ్ళూ అంతే వేగంగా ఆడేవి. దారం బిగువు గురించి, టీలో పంచదార గురించి, మా అన్న పోలికలు ఎవరివన్నదాని గురించి రోజూ పోట్లాటే. నేను పెళ్ళయి సైదా పట్టణానికి వచ్చేశాక బతికిపోయాను. సెలవులకు వెళితే ఇద్దరూ చెరో చెవిలో దూరేవాళ్ళు.

ఒకరోజు అన్న గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత పోట్లాటకు కొత్త సంగతి దొరికింది. అన్న సమాధికి ఒక పక్క గోడ. రెండో పక్క ఒక్క మనిషికి సరిపోయే చోటు. అది ఎవరిదన్నది తగాదా.

"నేను కన్నాను. వాడి పక్కన నేనుంటాను" అనేది అమ్మ.

"కని నా నెత్తిన పెట్టావు. వండి పెట్టింది నేను, అలిగితే బతిమాలింది నేను. ఆ పక్క నాది."

"నేనే ముందు పోతాను కదే, నీకు చోటెక్కడుంటుంది?"

"నువ్వు ముందు పోతావని ఎవరు రాసిచ్చారత్తా? నీ వాలకం చూస్తే నన్ను మట్టిలో పెట్టి గానీ కదిలేలా లేవు."

నిజం చెప్పాలంటే నాకు నవ్వొచ్చేది. చచ్చాక పడుకునే చోటు కోసం ఇంత గోల ఏమిటని ఇద్దరినీ తిట్టేదాన్ని.

అన్న పోయిన ఆరేళ్ళకు, జూలైలో, ఆకు రెండో కోత నడుస్తోంది. హిజ్బుల్లా వాళ్ళు కంచె దగ్గర ఇద్దరు ఇజ్రాయెల్ సైనికులను పట్టుకుపోయారని పొద్దున రేడియో చెప్పింది. సాయంత్రానికల్లా విమానాలు వచ్చాయి. నేను ఫోన్ చేసి వెంటనే బయలుదేరమన్నాను.

"కోత మధ్యలో ఎలా వస్తానే? యుద్ధం పెట్టుకునేవాళ్ళు ఈ పక్కవాళ్ళైనా ఆ పక్కవాళ్ళైనా ఒక్కడైనా నన్నడిగాడా, వదాద్, ఆకు గుచ్చడం అయిందా అని?" అంది వదిన.

అదే ఆఖరి ఫోను. ఆ తర్వాత తీగలు తెగిపోయాయి. మిగతాదంతా వదిన నోట విన్నదే.

పొగాకు దాచే నేలమాళిగలో ఇద్దరూ రెండు వారాలకు పైగా ఉన్నారు. అమ్మకు ముందే ఆయాసం. పైన బాంబుల దుమ్ము, కింద పొగాకు ఘాటు. నీళ్ళు అయిపోయాక వదిన పాకుతూ పక్కింటి తొట్టి దాకా వెళ్ళి చెంబుతో తెచ్చేదట. చివరికి అబూ దియాబ్ అనే పొరుగాయన తన పికప్‌కు తెల్ల దుప్పటి కట్టుకుని వచ్చి ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళను ఎక్కించుకున్నాడు. వదిన అమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారి పొడవునా గుంతలు. అమ్మ నీళ్ళు పుచ్చుకోవడం మానేసింది, కళ్ళు తెరవడం మానేసింది.

"అత్తా, ఒక్క గుక్క తాగు. తాగితే ఆ చోటు నీకిచ్చేస్తా" అంది వదిన.

అమ్మ కళ్ళు తెరిచింది. "ఒట్టు?"

"ఒట్టు. జవాద్ పక్క చోటు నీదే. నా చేతులతో నేనే పెడతాను."

అమ్మ ఆ గుక్క తాగింది. అరటి తోటలు మొదలయ్యే చోట, సూర్ పట్టణం కనపడుతుండగా పోయింది. వదిన ఆ సంగతి బండిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే అక్కడే దింపేస్తారని భయం. పట్టణంలోకి వచ్చేదాకా అమ్మతో మాట్లాడుతూనే ఉందట, మామూలుగా తిడుతూనే.

సూర్ ఆసుపత్రిలో శవాలకు అప్పటికే చోటు లేదు. చల్లపెట్టె లారీ కూడా నిండిపోయింది. సైన్యం బారకాసుల పక్క ఖాళీ స్థలంలో పొడుగ్గా కందకం తవ్వి, చెక్కపెట్టెల్లో పెట్టి అమానతుగా ఉంచుతున్నారు. ఇది మాలో పాత పద్ధతి. ఒకసారి మట్టిలో కలిపిన మనిషిని మళ్ళీ పైకి తీయడం పాపం. అందుకని, ఇది నీకిచ్చింది కాదు, నీ దగ్గర దాచింది, మళ్ళీ పట్టుకెళతాను అని నేలతో ముందే చెప్పుకోవాలి. అలా చెబితే గడువు దాకా నేల ఆ మనిషిని ముట్టదని మా ముసలమ్మల నమ్మకం. గడువు దాటితే తనదే అనుకుంటుందట.

పెట్టె మీద రంగుతో అమ్మ పేరు వదినే రాసింది. షేక్ గారు వచ్చి నిలబడ్డారు. ఆయన వెనక ఇంకా ఎన్నో పెట్టెలు ఎదురు చూస్తున్నాయి.

"యుద్ధం అయ్యేదాకా అని చెప్పమ్మా, చాలు."

"యుద్ధం ఎప్పుడవుతుందండీ?"

"నాకెలా తెలుస్తుంది తల్లీ?"

"మీకే తెలియనిది నేలకెలా తెలుస్తుంది? అంతు లేకుండా దాచమంటే ఎవరు దాస్తారు?"

రజబ్ మాసం నెలవంక కనపడి ఒకటి రెండు రోజులే అయింది. వదిన కిందికి వంగి, రజబ్ పున్నమి వరకు అనేసింది. అప్పటికి ఏ యుద్ధమైనా అయిపోకపోతుందా అనుకుంది. షేక్ గారు ఏదో అనబోయారు. ఈలోగా ఇంకెవరో ఆయన చెయ్యి పట్టి తమ పెట్టె దగ్గరికి లాక్కుపోయారు.

దొరికిన బండి పట్టుకుని ఆమె సైదాలో మా ఇంటికి చేరింది. మూడో అంతస్తులో మా రెండు గదుల్లో అప్పటికే మా ఆయన తరపు వాళ్ళు పదిమంది. తలుపు దగ్గర నిలబడే అన్నీ చెప్పింది. నేను గుండెలు బాదుకుని ఏడ్చాను. ఏడుపయ్యాక ఆమె మీద పడ్డాను.

"మా అమ్మను దాచి రావడానికి నాకొక్క మాట చెప్పక్కర్లేదా?"

"ఫోన్లు పనిచేస్తే చెప్పేదాన్ని."

"సరే. గడువెవరు పెట్టమన్నారు నిన్ను? షేక్ గారు చెప్పినట్టు చెప్పి ఊరుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"ఊరుకుంటే ఎన్నేళ్ళైనా అక్కడే ఉంచేస్తారు. నాకు తెలుసు ఆ ఊరుకోవడం."

"నేలను కూడా కొట్టువాడనుకున్నావా నువ్వు?"

ఆమె చెప్పులు కూడా విప్పకుండా బాల్కనీలోకి వెళ్ళి ఆకాశం వైపు చూసింది. అప్పటికి చంద్రుడు గోరంత ఉన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. వదిన కాలు కాలిన పిల్లిలా ఆ రెండు గదుల్లో తిరిగేది. బీన్సు కాయలు ఒలవమని ఇస్తే సగం ఒలిచి లేచిపోయేది. టీవీలో ఎవరో కోటు వేసుకున్నాయన రేపో ఎల్లుండో కాల్పులు ఆగుతాయంటే, "రేపా, ఎల్లుండా? ఏదో ఒకటి చెప్పి చావొచ్చుగా" అని తెరతో పోట్లాడేది. పైన డ్రోను గుయ్యిమంటూ తిరుగుతూనే ఉండేది. మేం దాన్ని ఉమ్ కామిల్ అంటాం, ఇల్లిల్లూ తిరిగే ఆడమనిషిని పిలిచినట్టు. "ఉమ్ కామిల్‌కున్నంత పని కూడా లేదు ఈమెకు, అయినా ఒక్క చోట కూర్చోదు చూడు" అని మా అత్తగారు వదినను దెప్పిపొడిచేది.

సాయంత్రమయ్యేసరికి వదిన బాల్కనీలో ఉండేది. ఈ పిచ్చి నమ్మకాలు నాకు లేవని నేను పదిమందిలో అనేదాన్ని. అంటూనే బట్టలు తీసే వంకతో నేనూ వెళ్ళి చూసేదాన్ని. చంద్రుడు రోజురోజుకూ లావవుతున్నాడు. చిన్నప్పటి నుంచీ ముద్దుగా చూసుకున్న చందమామ మీద నాకు ఒళ్ళు మండింది. అమ్మ అక్కడ చెక్కపెట్టెలో ఉంది, వేసవి ఎండ మండిపోతోంది, ఈయనగారు పైన తీరిగ్గా పెరుగుతున్నాడు.

"వెళ్ళి గడువు పెంచి వస్తాను" అంది వదిన ఒకరోజు.

"ఎవరినడిగి పెంచుతావు?"

"ఎవరికి పెట్టానో వాళ్ళనే. ఎదురుగా నిలబడి అడుగుతాను. కుదరదంటే అప్పుడు చూద్దాం."

ఊళ్ళో ఉన్న టాక్సీవాళ్ళందరినీ అడిగింది. సూర్ అనగానే అందరూ తల అడ్డంగా ఊపారు. అంతలో సూర్ దారిలో లితానీ నది మీద మిగిలిన ఆఖరి వంతెన కూడా కూలింది. నదికి దక్షిణాన ఏ బండి కదిలినా కొడతామని విమానాలు కాగితాలు జల్లాయి. ఇంక ఈమె కూర్చుంటుందిలే అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

పున్నమి రోజు మధ్యాహ్నం అన్నాల వేళకు వదిన ఇంట్లో లేదు.  చెప్పులేసుకుని బండ్లు ఆగే చోటికి పరుగెత్తాను. ఒక పాత బెంజి కారులో వెనక సీట్లో కూర్చుని ఉంది. నది దాకా, అంతకుమించి ఒక్క అడుగు కూడా కాదని డ్రైవరు ఒప్పుకున్నాడట.

"దిగు వదినా."

"నువ్వెక్కు. తలుపు దగ్గర నిలబడి ఎండకు మాడకు."

ఎందుకెక్కానో నాకు తెలియదు. ఆపడానికే ఎక్కానని మా ఆయనతో తర్వాత చెప్పాను. మా అమ్మ కాదూ మరి? ఆమె ఒక్కతే వెళ్ళి మా అమ్మ కోసం అడుగుతుంటే నేను బీన్సు ఒలుస్తూ కూర్చోనా?

దారి ఖాళీగా ఉంది. డ్రైవరు బాంబు పడ్డ చోట్లు తప్పించుకుంటూ, నిమ్మ తోటల్లోంచి మట్టి బాటల్లో తిప్పుకుంటూ నది దగ్గర దింపాడు. వంతెన నడుం విరిగి నీళ్ళలో పడి ఉంది. ఒక పెద్ద చెట్టు మానును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు అడ్డంగా పడేశారు. దాని మీద వరసగా మనుషులు నిలబడి మందుల పెట్టెలు చేతి నుంచి చేతికి అందించుకుంటున్నారు. వాళ్ళందరినీ అదిలిస్తూ ఒక మీసాలాయన, సహాయ దళం చొక్కాలో.

"అన్నా, ఆ పెట్టెలయ్యాక నన్ను దాటించు" అంది వదిన.

"ఎక్కడికి చెల్లెమ్మా?"

"సూర్‌కి."

"నడిచా? పిచ్చా నీకు? పొద్దున ఆ తోటల్లో కుక్క కదిలినా కొట్టారు. మందులు కాబట్టి ఒప్పుకున్నారు. మనుషులు దాటకూడదు."

"నన్నూ మందుల పెట్టె అనుకో."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు పూర్తవకముందే అవతలి ఒడ్డున నారింజ తోటలో బాంబు పడింది. చెవులు గింగురుమన్నాయి. మాను మీదున్న వాళ్ళంతా ఈ ఒడ్డుకు దూకి బోర్లా పడుకున్నారు. నేనూ పడుకున్నాను. తలెత్తి చూస్తే పొగ, దుమ్ము, ఖాళీ మాను. దాని మీద మా వదిన. రెండు అడుగులు వేసేసింది.

నేను పాక్కుంటూ వెళ్ళి ఆమె అబాయా అంచు రెండు చేతులా పట్టుకున్నాను.

"వదులు నుహా."

"వదలను. నీకేమైనా అయితే ఆ ఒక్క చోట్లో మీ ఇద్దరినీ ఎలా సర్దను? ఒకరి మీద ఒకరినా? అక్కడ కూడా కొట్టుకు చావడానికా?"

ఆమె వెనక్కి తిరిగి నా వైపు చూసింది. మీసాలాయన వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని లాగి ఒడ్డు మీద కూలేశాడు. ఈసారి నవ్వలేదు. "పెట్టెలు అందించే మనుషులున్నారు ఇక్కడ. నీ వల్ల వాళ్ళకేమైనా అయితే ఎవరు జవాబు చెప్తారు?" అన్నాడు. ఆ మాటకు ఆమె తల వంచుకుంది. మళ్ళీ మాను వైపు వెళ్ళలేదు.

వెళ్ళలేదు గానీ కుదురుగానూ లేదు. ఒడ్డు పొడవునా అటూ ఇటూ నడిచింది, ఎక్కడైనా లోతు తక్కువుందేమోనని కాలు పెట్టి చూసింది, వెనక్కి వచ్చింది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. పొద్దు వాలింది. కొండ వెనక నుంచి చంద్రుడు వచ్చాడు, ఆ పొగలో ఎర్రగా, నిండుగా. వదిన చూసి అక్కడే బురదలో చతికిలబడింది. అరచెయ్యి నేల మీద పెట్టింది.

"ఇదిగో, విను" అంది, కొట్టువాడితో మాట్లాడినట్టే. "అక్కడికి రానివ్వలేదు నన్ను. ఈ ఒడ్డుదీ ఆ ఒడ్డుదీ ఒకటే మట్టి. నీళ్ళు పైన పోతాయి, కింద నువ్వే ఉన్నావు. సూర్‌లో, బారకాసుల పక్కన, ఐన్ తుర్ముస్ హజ్జా ఫిద్దాను నీ దగ్గర పెట్టాను. గడువు ఇవాళ్టితో అయింది. కాస్త పెంచు. ఆమెను తీసుకోకు."

పెట్టెలు మోసేవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. మిగతావాళ్ళు నవ్వలేదు. వాళ్ళలో కూడా తమవాళ్ళను సూర్‌లో పెట్టి వచ్చినవాళ్ళు ఉన్నారేమో. మీసాలాయన ఆమె పక్కన గొంతుకూర్చున్నాడు.

"ఎప్పటి వరకు చెల్లెమ్మా?" అని మెల్లిగా అడిగాడు.

వదిన నోరు తెరిచింది. చంద్రుడి వైపు చూసింది, తోటలో లేస్తున్న పొగ వైపు చూసింది. ఆమె నోటికి ఏ గడువూ రాలేదు. నా జన్మలో మొదటిసారి చూశాను అలా.

"నేను వచ్చేదాకా" అంది.

 ఆమెను లేపి కారెక్కించాను. దారంతా ఆ చేతి బురద కడుక్కోలేదు.

ఇంకొన్ని రోజులకు కాల్పులు ఆగాయి. ఆగిన పొద్దునే దక్షిణాది మొత్తం పరుపులు కార్ల మీద కట్టుకుని రోడ్డెక్కింది. మేమూ ఎక్కాం. సూర్‌లో అమానతుల్ని పైకి తీసే రోజు ఊళ్ళ వారీగా జనం వచ్చి గోడ పొడవునా నిలబడ్డారు. అబూ దియాబ్ పికప్ తెచ్చాడు. అమ్మను ఊరికి చేర్చడానికి, అన్న పక్కన ఆ చోట పెట్టడానికి మేం వచ్చాం. 

మట్టి తీసే యంత్రం పని మొదలుపెట్టింది. తవ్వేవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు, వాటి మీద అత్తరు చల్లుకున్నారు. మాకూ చెరో గుడ్డ ఇచ్చారు. పేరు చూసుకుని ఎవరి పెట్టె దగ్గరికి వాళ్ళు వెళుతున్నారు. "హజ్జా ఫిద్దా, ఐన్ తుర్ముస్" అని పిలిచారు. తుపాకులకీ విమానాలకీ జంకని మా వదిన గోడకు వీపు ఆనించుకుని అక్కడే ఉండిపోయింది.

"నువ్వెళ్ళి చూసి రా" అంది నాతో.

"ఏం చూడాలి?"

"నా గడువు దాటింది కదా. నేల నా మాట విందో లేదో చూసి రా. నాకు కాళ్ళు రావడం లేదు."

నేను వెళ్ళాను. చెక్క ఉబ్బిపోయి అంచులు విడిపోయాయి. వదిన రాసిన పేరు సగం చెరిగింది. దగ్గరికి పోతుండగానే గుడ్డ లోంచి కూడా వాసన తగిలింది. పెట్టె ఎత్తడానికి వచ్చిన ఇద్దరిలో ఒకాయన పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు. అది మా అమ్మ. నేను గుడ్డ విప్పేశాను. విప్పి, వదిన చూస్తుండగా చెక్క మీద ముఖం ఆనించి గట్టిగా ఊపిరి పీల్చాను. కాసేపు అలాగే ఉండి, కళ్ళు తుడుచుకోకుండా నడిచి వచ్చాను.

"ఏం లేదు వదినా. పెట్టి వచ్చినట్టే ఉంది" అన్నాను.

గాలి మా వైపే వీస్తోంది. ఆ గోడ దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళందరూ ముసుగు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని ఉన్నారు. వదిన గుడ్డ మాత్రం ఆమె చేతిలోనే ఉంది. నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"మీ అమ్మకీ అబద్ధమాడటం చేతకాదు, నీకూ చేతకాదు" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. పికప్‌లో అమ్మకు అటూ ఇటూ కూర్చుని ఊరికి పోతున్నంతసేపూ, ఆమె అడిగినప్పుడల్లా చెప్పాను.